చీటీ మీద మంగు అని రాశాను

మొన్న కోరుట్ల నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది. చర్మవ్యాధుల చదువు ఈ మధ్యే పూర్తయిందట, బస్టాండు దగ్గర క్లినిక్ తెరుస్తోందట. "మేడం, బుగ్గలు నింపే సూదులకు ఇక్కడ గిరాకీ ఉంటదా?" అని అడిగింది. ఉంటుందన్నాను. ఎక్కడ నేర్చుకోవాలి, ఏ రకం జెల్ మంచిది, సన్న సూది వాడాలా మొద్దు సూది వాడాలా, అన్నీ అడిగింది, అన్నీ చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఒళ్లు మండింది. అరగంట మాట్లాడినా, సూది బయటికి తీశాక ఏం చేయాలన్న సంగతి ఆ పిల్ల అడగలేదు. చెప్పాలని నాకూ తట్టలేదు. ఇన్నేళ్లు పనిచేసి, ఒక మనిషి ముక్కు పాడుచేసి కూడా తట్టలేదు. ఆ కోపంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను.

నా గురించి రెండు ముక్కలు చాలు. మాది మేడిపల్లి. మా నాయన తాళ్లెక్కి కల్లు గీసినవాడు. నేను చర్మం డాక్టర్నయ్యాను. మొదట సిరిసిల్లలో సర్కారు దవాఖానలో, తర్వాత జగిత్యాలలో సొంత క్లినిక్‌లో పనిచేశాను. పోయిన ఏడాది క్లినిక్ మూసేశాను. ఎప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నానో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఎందుకూ పనికిరావు.

సోకు అన్నవాళ్ల గురించి

వయసు మీద పడితే ముఖం ముడతలు పడుతుందని అందరికీ తెలుసు. ముడతల కంటే ముందే లోపల కొవ్వు తగ్గుతుందని, ఎముక కూడా కొంచెం కొంచెం అరుగుతుందని చాలామందికి తెలియదు. బుగ్గలు లోపలికి పోతాయి, కళ్ల కింద గుంటలు పడతాయి, ముక్కు పక్క గీత లోతవుతుంది. ఆ ఖాళీలో సూదితో ఒక జెల్ నింపుతాం. మన ఒంట్లో సహజంగా ఉండే పదార్థం లాంటిదే. ఏడాదో, ఏడాదిన్నరో ఉండి కరిగిపోతుంది. పని ఇంతే.

నేను ఈ పని మొదలుపెట్టానని తెలిసి తోటి డాక్టర్లు నవ్వారు. ఒక పెళ్లి విందులో ఎముకల డాక్టరు ఒకాయన అందరి ముందు, "బీడీలు చుట్టేటోళ్లకు బుగ్గలెందుకు మేడం?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన భార్యకు అంతకు నెల ముందే నేను బుగ్గలు నింపాను, ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆమె కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుని అందరితో పాటు నవ్వింది.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో సోకు కోసం వచ్చినవాళ్లు ఉన్నారు, లేరనను. సోకు తప్పు అని కూడా అనను. కానీ మన ఊళ్లలో ముఖం పీక్కుపోతే అందం పోయిందని ఎవరూ అనరు. రోగమేమో అంటారు. టీబీనా, షుగరా, ఇంకేమన్నానా అని చెవులు కొరుక్కుంటారు. బట్టల దుకాణంలో చీరలు చూపించే ఆవిడను ఓనరు వెనక గోదాముకు పంపించాడు, గిరాకీలు భయపడుతున్నారని. నవ్విన డాక్టర్లలో ఒక్కడు కూడా ఆవిడను ఏం కష్టమమ్మా అని అడగలేదు.

ఇక మూడు రోజుల కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించి, పార్లర్ వెనక గదిలో పెళ్లికూతురి తల్లికి సూదులు వేసేవాళ్లున్నారు. ఎక్కడ రక్తనాళం ఉందో తెలియదు, సీసాలో ఏముందో తెలియదు. వాళ్లను నేను చాలా తిట్టాను, సభలో మైకు పట్టుకుని కూడా తిట్టాను. కానీ ఇక్కడ చెప్పబోయేది ఏ పార్లర్‌లోనూ జరగలేదు. నా క్లినిక్‌లో, నా చేత్తో జరిగింది.

సిరిసిల్ల పెద్ద సారు

దానికంటే ముందు నా మొదటి బాసు సంగతి చెప్పాలి. సిరిసిల్ల దవాఖానలో మేమంతా ఆయన్ని పెద్ద సారు అనేవాళ్లం. నోటి దురుసు మనిషి. ఆయన గదిలోకి పోవాలంటే నర్సులు ఒకరినొకరు ముందుకు తోసుకునేవారు.

అప్పట్లో మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి కుష్టు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మనిషికి వీపు మీద పాలిపోయిన మచ్చ, గిల్లినా తెలియదు. మందు వేసుకుంటే నయమైపోతుంది. కానీ చీటీ మీద ఆ మాట కనిపిస్తే సాంచాల ఓనరు లోపలికి రానివ్వడు, ఇంటి ఓనరు సామాను బయట పెడతాడు. అందుకని పెద్ద సారు చీటీ మీద "తిమ్మిర్లు" అని రాసేవాడు. అబద్ధమే. ఆ అబద్ధంతో ఎంతోమంది పని నిలబడింది.

చీటీ మూలన మాత్రం చిన్న సున్నా చుట్టి లోపల ఒక నంబరు వేసేవాడు. ఆ నంబరు మీద అసలు జబ్బు, ఇస్తున్న మందు, రావలసిన తేదీ అన్నీ బీరువాలోని రిజిస్టర్లో ఉండేవి. ఆ సున్నాకు అర్థం ఏమిటో చుట్టుపక్కల దవాఖానల్లో డాక్టర్లందరికీ స్వయంగా పోయి చెప్పి వచ్చాడు. పేషెంటు ఎక్కడ పడిపోయినా, చీటీ చూసిన డాక్టరు మాకు ఫోన్ చేసి అసలు సంగతి తెలుసుకునేవాడు.

ఒకరోజు హడావుడిలో నేను తిమ్మిర్లు అని రాసి సున్నా చుట్టడం మరిచిపోయాను. పెద్ద సారు ఆ చీటీ తీసుకుని వరండాలో అందరి ముందు నా మీదికి విసిరాడు.

"అబద్ధం రాసినమంటే నిజం ఏడున్నదో గూడ రాయాలె. లేకుంటే నువ్వు డాక్టరువు కావు, దొంగవు."

నాకు ఏడుపొచ్చింది. ఇంటికి పోయి అన్నం తినలేదు. అంత మంది ముందు అంత మాట అనాలా అని చాలా ఏళ్లు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఆ కోపం గుర్తుంది కానీ, ఆ మాట గుర్తుండలేదు.

మా క్లినిక్ ఆచారం

జగిత్యాల క్లినిక్‌లో బుగ్గలు నింపించుకోవడానికి వచ్చిన మొదటి ఆవిడ స్కార్ఫ్ కట్టుకుని వచ్చింది. పని అయిపోయాక నా బల్ల మీద చెయ్యి పెట్టి, "చీటీ మీద రాయకుండ్రి మేడం, ఇంట్ల జూస్తరు," అంది. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "మంగు" అని రాశాను. ముఖం మీద గోధుమరంగు మచ్చలను మన వైపు మంగు అంటారు. ఇంటికొకరికి ఉంటుంది, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. దాని పక్కన "పీలింగ్" అని కూడా చేర్చాను, పై పొర లేచిపోయేలా ముఖానికి మందు రాశాం అని అర్థం. ముఖం ఎర్రగా ఉంటే ఎందుకని ఎవరన్నా అడిగితే పనికొస్తుందని.

ఆవిడ కళ్లు చెమర్చాయి. దేవతవు మేడం అంది. నాకు బాగా నచ్చింది. అప్పటి నుంచి అడగకపోయినా అందరికీ మంగు అనే రాశాను.

నా దగ్గర షాహీన్ అని నర్సు ఉండేది. కోరుట్ల మనిషి, వాళ్ల నాన్న దర్జీ. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. జెల్ సూది డబ్బాలో రెండు స్టిక్కర్లు వస్తాయి, ఏ మందు, ఏ నంబరు అని. ఒకటి మన కాగితాల్లో అంటించాలి, ఒకటి పేషెంటుకు ఇవ్వాలి.

"మేడం, గీ స్టిక్కర్లు ఏం జెయ్యాలె?" అని అడిగింది షాహీన్ మొదటి రోజు.

"చింపెయ్."

"రేపు ఏమన్నయితే?"

"ఏం గాదు. నేను లేనా?"

ఆమె స్టిక్కర్లు తీసుకుని వెళ్లిపోయింది. నేను లేనా అన్న మాట ఎంత గొప్పగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రాజేశ్వరి

రాజేశ్వరిది రాయికల్. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది, తర్వాత ఇంట్లోనే సకినాలు, గారెలు, అరిసెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. అంగడి రోజు ఆమె బల్ల ముందు మనుషులు నిలబడి కొనేవారు. నలభై ఐదు దాటాక షుగర్ వచ్చి బాగా చిక్కిపోయింది. షుగర్ అదుపులోకి వచ్చింది కానీ ముఖం తిరిగి రాలేదు. దవడలు పీక్కుపోయి, కళ్లు గుంటలు పడి, పదేళ్లు పెద్దదానిలా కనిపించేది.

"సకినాలు అవే మేడం, చెయ్యి గదే," అంది నాతో. "మొఖం జూసి కొంటలేరు. టీబీ ఉన్నదట, దగ్గుకుంట చుడుతదట అని అంటున్రు. నేను దగ్గనే దగ్గ. అంగట్ల నా పక్కపొంటి కూసునే ఆమెనే అంటది."

ఆమె భర్త మల్లేశం, ఒకప్పుడు తాళ్లెక్కేవాడు, ఇప్పుడు ఆటో నడుపుతాడు. ఆయనకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని కాదు, చెప్పడానికే సిగ్గు. గీ వయసుల గిదేం పని అంటాడేమోనని.

మొదటిసారి చేసినప్పుడు చాలా బాగా కుదిరింది. నెల తర్వాత వచ్చి, "పక్కామె ఇప్పుడు నన్ను మందు పేరడుగుతుంది," అని నవ్వింది. ఆమె ముక్కుకు ఎడమవైపు ఎర్రరాయి ముక్కుపుల్ల ఉండేది. నిండు ముఖం మీద అది ముందుగా కనిపించేది. చీటీ మీద మంగు అని రాశాను.

ఏడాది దాటాక మళ్లీ వచ్చింది. శనివారం మధ్యాహ్నం. నాకు ఆ సాయంత్రమే హైదరాబాద్ పోవాలి, రెండు రోజుల డాక్టర్ల సభ. బుగ్గలు అయిపోయాయి, ముక్కు పక్క గీతలో ఎడమవైపు సూది తీస్తుంటే ముక్కు అంచు దగ్గర చర్మం తెల్లగా పాలిపోయింది.

ఇది చదివే పిల్లలు ఇక్కడ ఆగండి. అలా తెల్లబడితే జెల్ రక్తనాళంలోకి పోయిందేమో అని ముందు అనుమానించాలి. వేలితో నొక్కి వదిలి, రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూడాలి. ఆలస్యమైతే జెల్‌ను కరిగించే మందు వెంటనే పొడవాలి, అక్కడే, ఆ కుర్చీలోనే. గంటలు గడిచేకొద్దీ చర్మం చచ్చిపోతుంది.

నేను నొక్కాను. రంగు నెమ్మదిగా వచ్చింది. మత్తు సూది వల్ల అలా తెల్లబడింది అనుకున్నాను. అనుకోవడం ఏమిటి, అలా అనుకుంటే నాకు బస్సు దొరుకుతుంది కాబట్టి అలా అనుకున్నాను.

"నొప్పున్నదా?" అని అడిగాను.

"జర సలుపుతుంది మేడం."

షాహీన్ నా వైపు చూసి, "మేడం, ఇంకొద్దిసేపు కూసోవెడ్దమా?" అంది. అవసరం లేదన్నాను. చీటీ రాశాను. మంగు, పీలింగ్. కింద క్లినిక్ ఫోన్ నంబరు. నా సొంత నంబరు నేనెప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు, గౌరవంగా ఉండదని.

ఆదివారం, సోమవారం

తర్వాత జరిగింది వాళ్లు చెబితే తెలిసింది. ఆదివారం పొద్దున్నకు ముక్కు పక్కన ఊదారంగు చారలు వల అల్లినట్టు వచ్చాయి. నొప్పికి అన్నం నమలలేకపోయింది. క్లినిక్‌కు పదిసార్లు ఫోన్ చేసింది. ఆ ఫోన్ తాళం వేసిన గదిలో మోగింది. మల్లేశం ఆటోలో కూర్చోబెట్టుకుని జగిత్యాల తీసుకొచ్చి, తెరిచి ఉన్న ఒక దవాఖానలో చూపించాడు.

అక్కడి డ్యూటీ డాక్టరు చీటీ చూశాడు. మంగు, పీలింగ్. చర్మం చూశాడు. పీలింగ్ మందు ఎక్కువై కాలిందనుకున్నాడు. నేనున్నా అదే అనుకునేదాన్ని. అయినా అతను పద్ధతిగా అడిగాడు.

"గిది గాక ఇంకేమన్న చేపిచ్చుకున్నవా అమ్మా?"

రాజేశ్వరి భర్త వైపు చూసింది. "లే సారు," అంది. మల్లేశం తల వంచుకుని చెప్పుల వైపు చూశాడు. డాక్టరు ఎలర్జీకి సూది వేసి, కాలిన గాయాలకు రాసే మలాం ఇచ్చి పంపించాడు. ఆ డాక్టరును నేను ఒక్క మాట అనను. అతను చదివింది నా చేతిరాత.

సోమవారం అంతా ఆమె మలాం రాసుకుంటూ కూర్చుంది. నేను సభలో కూర్చున్నాను, నేను లేనని క్లినిక్‌కు ఆ రోజు కూడా తాళమే. కరిగించే మందు నా క్లినిక్ ఫ్రిజ్‌లో మూడు సీసాలు ఉంది. ఆమె ఉన్న చోటికి, ఆ ఫ్రిజ్‌కు మధ్య ఆటోలో గంట కూడా పట్టదు.

మంగళవారం పొద్దున నేను వచ్చేసరికి క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఉంది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. కొంగు తీయగానే నాకు అర్థమైంది. ముక్కు అంచు నల్లబడింది. షాహీన్ నన్ను అడగకుండానే ఫ్రిజ్ తెరిచింది. ఆ రోజంతా గంట గంటకు మందు పొడిచాను. బుగ్గ దక్కింది, పై పెదవి దక్కింది. ముక్కు ఎడమ అంచు దక్కలేదు. కొన్ని వారాలకు నల్లబడిన ముక్క ఊడిపోయి అక్కడ ఒక గండి మిగిలింది. ముక్కుపుల్ల రంధ్రం ఉన్న చోటు అదే.

ఎవరి పరువు

ఇన్నాళ్లూ పేషెంటు పరువు కోసం రాశాను అని చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. మంగు అని రాస్తే నాకూ సుఖమే. ఏం నింపాను, ఎంత నింపాను, ఎక్కడ నింపాను అని ఎవరూ అడగరు. తేడా వస్తే చూపించడానికి కాగితం ఉండదు. పెద్ద సారు రాసిన అబద్ధం వెనక రిజిస్టరు ఉండేది, నంబరు ఉండేది, పగలంతా ఫోన్ దగ్గర ఒక మనిషి ఉండేవాడు. నేను ఆయన దగ్గర అబద్ధం మాత్రం నేర్చుకుని మిగతాదంతా వదిలేశాను. దొంగ అని ఆయన ముందే చెప్పాడు.

మంగు చీటీతో బుగ్గలు నింపించుకున్నవాళ్లను అందరినీ పిలిచి నిజం చీటీలు ఇద్దామని పాత కాగితాలు తీశాను. అందులో నిజంగా మంగు ఉన్నవాళ్లు, బుగ్గలు నింపించుకున్నవాళ్లు అందరూ కలిసిపోయి ఉన్నారు. నేను చేసిన పని ఎవరికి చేశానో నాకే తెలియదు. తల పట్టుకుని కూర్చుంటే షాహీన్ తన సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. చింపెయ్ అన్న స్టిక్కర్లన్నీ పేర్లతో సహా అందులో అంటించి ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు వింటరా మేడం?" అంది.

మల్లేశం అడిగిన మాట

గాయం పూర్తిగా మానాక చివరిసారి చూపించుకోవడానికి రాజేశ్వరి వచ్చింది. ఈసారి మల్లేశాన్ని లోపలికి తీసుకొచ్చింది. అంతకుముందు ఆయన ఎప్పుడూ బయట ఆటోలోనే కూర్చునేవాడు. ఆమె కుడి ముక్కుకు కొత్తగా రంధ్రం కుట్టించుకుంది, అదే ఎర్రరాయి ముక్కుపుల్ల పెట్టుకుంది.

"ఈయనకు మీ ముంగట ఒక మాట చెప్పాల్నని తీస్కచ్చిన," అంది నాతో. తర్వాత ఆయన వైపు తిరిగింది. "గది మంగు గాదు. బుగ్గలు పోయినయని సూదులు ఏపిచ్చుకున్న. నీకు చెప్పలే. గందుకే గిట్లయింది."

మల్లేశం టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నాకెరుకే," అన్నాడు.

"ఏమెరుక?"

"మొదటిసారి అచ్చిన్నాడే ఎరుక. మంగుకు మలాం రాస్తరు గని, బుగ్గ మీద సూది పోట్లెందుకుంటయ్? మొఖం నిండుగయింది. నాకు కండ్లు లేవా?"

రాజేశ్వరి ఆయనకు దగ్గరగా జరిగింది. "మరి గా దవాఖాన్ల డాక్టరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"నువ్వు లే అంటివి. చీటీ మీద మేడమే మంగు అని రాసింది. డాక్టరమ్మనే దాసిపెట్టిందంటే, చెప్తె నీ ఇజ్జత్ పోతదేమో అనుకున్న. నలుగుట్ల నీ ఇజ్జత్ నేనెట్ల తీస్త?"

ఆ గదిలో నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆమె ఆయన కోసం దాచింది, ఆయన ఆమె కోసం దాచాడు, ఇద్దరూ నా చీటీని నమ్మారు. ఆ చీటీ వాళ్లిద్దరి నోళ్లూ మూయించింది. వాళ్లలో ఒక్కరు ఒక్క మాట అని ఉంటే ఆదివారమే ఆ డాక్టరు నన్ను వెతికి పట్టుకునేవాడు.

"మేడం, ఇప్పుడన్న సక్కగ రాసియ్యుండ్రి," అంది రాజేశ్వరి. "తెలుగుల రాయుండ్రి. ఈయన సదువుతడు."

రాశాను. ఏ జెల్, ఏ తేదీ, ఎక్కడెక్కడ, ఎంత, ఏమైంది, ఎవరి పొరపాటు, అన్నీ రాశాను. ఇంకెప్పుడైనా ముఖానికి ఏ సూది వేసినా ముందు ఇది చూపించాలని రాశాను. కింద నా సొంత ఫోన్ నంబరు వేశాను. మల్లేశం కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో పట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివాడు. ఇంకొకటి రాయమన్నాడు, ఆటోలో పెట్టుకుంటానని. రెండోది కూడా రాసి ఇచ్చాను.

మడిచి జేబులో పెట్టుకున్నాక, గుమ్మం దగ్గర ఆగాడు.

"మేడం, గింతే గద రాసుడు. మొదలే ఎందుకు రాయలే?"

ఆయన కోపంగా అడగలేదు. తెలియక, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.